బావ వేసిన లైనక్స్

చదువైపోయి ఉద్యోగం దొరకని ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఫ్యాను కిర్రుమన్నా, ఎదురింటాయన "ఇంకా ఇంట్లోనేనా?" అన్నా చాలు, ఆ పూట అన్నం సయించేది కాదు. అలాంటి నాకు మధురవాడలోని ఓ కంపెనీ నుంచి ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. కంప్యూటర్లు మొరాయిస్తే ఫోన్లో సాయం చెప్పే ఉద్యోగం. సరిగ్గా ముందు రోజే మా బావ (మా అప్ప, అంటే అక్క మొగుడు, అడక్కుండానే బాగుచేసే రకం) గోపాలపట్నం నుంచి వచ్చి, నేను బజారుకెళ్లి తిరిగొచ్చేలోపు నా కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేసి లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసేశాడు. "వైరస్ అన్న మాటే ఉండదు బావా" అని టీ తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆన్ చేస్తే బొమ్మల్లేవు, ఐకాన్లు లేవు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఉన్నాయి. బావకి ఫోన్ చేశాను.

"ఏటి సేసినావు బావా నా కంప్యూటర్ని?"

"నానేటి సేసినాను? బొమ్మ బాగా రావాలని గ్రాఫిక్స్ డ్రైవరొకటి ఎక్కించినాను, అంతే."

ఆ 'అంతే' వినగానే ఒళ్లు మండిపోయింది. ఫోన్ పెట్టేసి కీబోర్డు మీద ఒక్కటిచ్చాను. తెర మీద ఇంకో ఇంగ్లీషు వాక్యం వచ్చింది, నన్ను వెక్కిరించినట్టు. ఈలోగా ఇంటర్వ్యూ టైము దాటిపోయి, ఎందుకు రాలేదని కంపెనీ మేడమే ఫోన్ చేశారు. మర్యాదగా మాట్లాడాలనే అనుకున్నాను. నోరు వినలేదు. "ఎలాగొత్తానండీ, మా బావ నా బతుకు నల్లగా సేసి పోనాడు" అని బావనీ, డ్రైవర్నీ, లైనక్స్ కనిపెట్టినవాణ్నీ వరసపెట్టి తిట్టాను.

ఆవిడ అంతా విని, "తెర మీద ఏముందో చదవండి" అన్నారు. పళ్లు కొరుకుతూ అక్షరం వదలకుండా చదివాను. "అది మీ కంప్యూటరుకి సరిపోయే డ్రైవరు కాదు. తీసేద్దాం, నేను చెప్పింది టైపు చేయండి."

"మధ్యలో ఖాళీ వదిలారా?"

"వదిలానండీ." (వదల్లేదు. అందుకే మళ్లీ మొదటికొచ్చాం.)

చివరికి నీలం తెర, ఐకాన్లు వచ్చాయి. మధ్యలో బాణం గుర్తు మాత్రం మేకు కొట్టినట్టు కదల్లేదు. "మీది వైర్లెస్ మౌసా? దాని చిన్న రిసీవరు కంప్యూటరు వెనకాల గుచ్చి ఉందా?" అన్నారావిడ. లేదు. ఆవిణ్ని లైన్లోనే ఉంచి, అమ్మ ఫోన్లోంచి బావకి చేశాను.

"పెన్‌డ్రైవ్ పెట్టడానికి పీకి జేబులో ఏసినాను బావా. ఆ సొక్కా మీ అప్ప వాషింగ్ మిషన్లో ఏసీసింది. తిరగతంది."

ఆ మాట స్పీకర్లో మేడమ్ కూడా విన్నారు. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోతున్నారని అర్థమైంది. నాకు మాత్రం ఏడుపొచ్చేంత కోపం. "ట్యాబ్ నొక్కుతూ వెళ్లండి, మౌసు లేకుండానే ఇంటర్వ్యూ చేద్దాం" అన్నారు. అలాగే చేశాం. "తిట్టినా, తెర మీదున్నది పూర్తిగా చదివారు. చాలామంది చదవరు" అని ఉద్యోగమిచ్చారు.

ఇప్పుడు ఫోన్లో ఎవరైనా నా మీద అరిస్తే మధ్యలో ఆపను. ఆ గొంతులో నాలోని అప్పటి కుర్రాడే వినిపిస్తాడు. కాస్త నెమ్మదించరా అని వాడికి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదు, ముందు నన్నే తిట్టేవాడు.