బ్రేకుల నోరు నొక్కినవాళ్లు

చెవి మేస్త్రి ఇరవై ఎనిమిదేళ్లుగా బాగుచేసేది బ్రేకులు మాత్రమే. ఇంజను సంగతి అడిగితే పక్క షెడ్డు చూపిస్తాడు. బ్రేకులు కీచుమంటున్నాయని ఎవరైనా వస్తే వెంటనే పానా పట్టుకోడు. కారును గోడ పక్కగా మెల్లగా పోనిచ్చి, అద్దం దించి వింటాడు. గోడకు తగిలి తిరిగొచ్చే కూతను బట్టి అది ఏ చక్రమో, లోపల పేరుకున్నది దుమ్మో తుప్పో చెప్పేస్తాడు. ఆ పేరు అలా వచ్చిందే. మనిషి మాత్రం ముక్కోపి.

ఒక ఉదయం సిస్టరమ్మ పక్క షెడ్డులో హెడ్‌లైటు వేయించుకోవడానికి వచ్చి, ఈయన గుమ్మానికి అడ్డంగా కారు పెట్టింది. ఆవిడ మంచానపడ్డ రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చే నర్సు. కారు పాతది, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పక్కకు జరుపుదామని మేస్త్రి తాళం తీసుకున్నాడు. కాస్త కదిలించి బ్రేకు తొక్కితే, బండి ఆగకుండా మరో రెండు గజాలు జారింది. బ్రేకులు కిక్కురుమనలేదు.

లైటు ఎలా పగిలిందని అడిగాడు. ఒక రోగి ఇంటి గేటుకు గుద్దానని ఆమె తలదించుకుని చెప్పింది. వయసు మీద పడుతోంది, కాలు సరిగా పడటం లేదు, బండి తోలడం మానేద్దామనుకుంటున్నానంది. బ్రేకులకేమీ లోటు లేదట. రెండు నెలలు చెవులు చిల్లులు పడేలా అరిస్తే, బజారులోని అద్దాల గోడల వర్క్‌షాపులో ఇస్తే ఇరవై నిమిషాల్లో నయం చేసి పంపారట.

మేస్త్రి వెనక చక్రాలకు ఇటుకలు అడ్డంపెట్టి, జాకీ ఎత్తి, ముందు చక్రం ఊడదీశాడు. చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ము తుప్పుతో పట్టేసింది. చుట్టూ చెక్క సుత్తితో తడుతూ లాగితే ఊడొచ్చింది. లోపల చూశాడు. డ్రమ్మును ఒరుసుకుని బండిని ఆపాల్సిన లైనింగుల మీద జిడ్డుగా గ్రీజు. రెండో చక్రంలోనూ అంతే.

"అమ్మా, మీ కాలు బాగానే ఉంది. ఆగాల్సిన చోట వెన్న రాసి పంపారు మీకు," అన్నాడు. బండి జారడం కంటే, ఆ తప్పును ఆమె తన నెత్తిన వేసుకోవడం ఆయన్ని ఎక్కువ మండించింది.

గ్రీజు పీల్చిన లైనింగు తుడిస్తే బాగుపడదు. రెండు పక్కలా పాతవి విప్పేశాడు. దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తీశాడు, అది ఊపిరితిత్తులకు చేటు. డ్రమ్ము లోపల గరుకు కాగితంతో రుద్దాడు. అసలు కూత ఎక్కడిదో అప్పుడు దొరికింది. లైనింగులు అతికి ఉండే ఇనుప షూలు, డ్రమ్ము వెనకుండే పలకకు ఆనుకుని కదిలే చోట్లు ఎండిపోయి తుప్పు పట్టాయి. వాటిని గీకి, వేడికి కరగని గ్రీజు పెసరగింజంత చొప్పున అక్కడ మాత్రమే పెట్టి, కొత్త షూలు బిగించాడు.

ఆ పాత షూలు సంచీలో వేసుకుని నేరుగా అద్దాల వర్క్‌షాపుకు నడిచాడు. అక్కడి ఫోర్‌మన్ ఎవరో కాదు, సొంత బావమరిది. పని నేర్పిందీ ఈయనే.

"ఆవిడ శబ్దం పోవాలంది బావా. పోగొట్టాను," అన్నాడతను.

"కుక్క మొరిగితే దొంగ ఎక్కడున్నాడో చూస్తారు గానీ, కుక్క మూతి కట్టేస్తారట్రా?"

బండికి ఇరవై నిమిషాలకు మించి ఇవ్వొద్దని యజమాని హుకుమని, డ్రమ్ము విప్పితే గంటన్నర పడుతుందని, అందుకే వెనక పలకకున్న రంధ్రంలోంచి గ్రీజు కొట్టామని బావమరిది నసిగాడు. కుదరదని ఆమెకు చెప్పి పంపొచ్చు కదా అన్నాడు మేస్త్రి. ఇంకెన్ని బండ్లకు చేశావని నిలదీస్తే, తొమ్మిది అన్నాడు.

మేస్త్రి భార్యకు తమ్ముడంటే ప్రాణం. అతని మీద ఈగ వాలనివ్వదు. ఇంట్లో పెద్ద గొడవే అవుతుందనుకుంటూ మేస్త్రి జరిగింది చెప్పాడు. ఆమె అంతా విని, కంచం పక్కకు నెట్టి, ఫోను తీసింది.

"ఆ తొమ్మిది మంది నంబర్లు రాసుకుని పొద్దున్నే రా. రాకపోతే ఇక ఈ గుమ్మం తొక్కకు," అంది తమ్ముడితో.

అతను వచ్చాడు. మేస్త్రి ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కరికీ తనే ఫోను చేసి, తను చేసిన పని తన నోటితోనే చెప్పాడు. ఇద్దరు నానా మాటలూ అన్నారు. వారం తిరక్కుండా ఎనిమిది బండ్లు షెడ్డుకొచ్చాయి. లైనింగులు బావమరిది కొన్నాడు, విప్పడం బిగించడం ఇద్దరూ చేశారు. ఆ వారంలో వాళ్లిద్దరి మధ్య "పానా ఇటివ్వు" కంటే పెద్ద మాట నడవలేదు. సంగతి తెలిసి వర్క్‌షాపు యజమాని అతన్ని పనిలోంచి తీసేశాడు. ఇరవై నిమిషాల్లో బ్రేకులు నయం చేస్తామన్న బోర్డు మాత్రం తీయలేదు. ఆ మాటెత్తితే మేస్త్రి ఇప్పటికీ పళ్లు కొరుకుతాడు.

తొమ్మిదో ఆయన రానన్నాడు. శబ్దం లేనప్పుడు నాకేం ఇబ్బందని ఫోను పెట్టేశాడు. మర్నాడు ఉదయం మేస్త్రి వాళ్లింటికి వెళ్లి, మెట్ల మీద కూర్చున్నాడు. ఆఫీసుకు బయల్దేరిన ఆయనకు దారి ఇవ్వలేదు. "మీ ప్రాణం మీ ఇష్టం. రోడ్డు దాటేవాళ్లు మిమ్మల్ని నమ్ముకుని దాటుతున్నారు," అన్నాడు.

పావుగంట వాదించి, చివరికి విసుక్కుంటూ తాళం ఆయన చేతిలో పడేసి, బస్సుకు నడిచి వెళ్లిపోయాడు ఆ పెద్దమనిషి.