నలభై గుమ్మాల పిచ్చిమొక్కలు

మత్తయ్య చేతికి ఏ చెత్త చిక్కినా దాని మీద ఒక పిచ్చిమొక్క మొలిచేది. పగిలిన నాపరాయి ముక్క మీద జిల్లేడు, నూనె డబ్బా మూత మీద వెంపలి, పాత ఎన్నికల ఫ్లెక్సీ వెనకవైపు బారెడు నాగజెముడు. ఒకరోజు భార్య రెబెక్క చపాతీల పీట కడిగి ఎండలో పెట్టి పొరుగింటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి దాని నిండా తంగేడు పూసి ఉంది.

"పీట పగిలింది గద, పారేస్తవనుకున్న," అన్నాడు మత్తయ్య.

"చిన్న నెర్రె అది. నీ తలకాయల ఉన్నదానికన్న చిన్నది," అంది రెబెక్క. ఆ వారమంతా ఇంట్లో చపాతీ మాట లేదు.

తాండూరులో ముప్పై ఏళ్ళు దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి అది. ఫ్లెక్సీలొచ్చి పని పోయింది గాని కుంచె పోలేదు. బండలు పాలిష్ పట్టేచోట పారేసిన ముక్కలూ, రంగుల కొట్టులో అడుగున మిగిలిన డబ్బాలూ సైకిల్ మీద కట్టుకుని తెచ్చుకునేవాడు. అనంతగిరికి పోయినవాళ్ళు గుట్టలు కనబడేలా ఫోటోలు దిగుతారు. మత్తయ్య పోతే దారి పక్కన బోర్లా పడుకుని ఉత్తరేణి ఆకు ఈనెలు చూస్తాడు. ఒకసారి ఎవరో పెద్దాయన పడిపోయాడని అంబులెన్స్‌ను పిలిచారు. స్ట్రెచర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చిన వాళ్ళతో, "జర పక్కకు నిలబడుండ్రి, నీడ పడుతుంది," అన్నాడట.

ఇలాంటి కబుర్లు చంద్రకాంత్‌కు మహా సరదాగా ఉండేవి, పిచ్చిమొక్క తన గుమ్మం దాకా రానంతవరకు.

చంద్రకాంత్ మార్కెట్ యార్డులో గుమాస్తాగా రిటైరయ్యాడు. మత్తయ్య కూడా ఉంటున్న, పెద్దేముల్ దారిలో కొత్తగా కట్టిన కాలనీకి కమిటీ పెద్ద. రెండు వరసల్లో నలభై ఇళ్ళు, అన్నిటికీ ఒకే తెల్లసున్నం, ఒకే నీలం తలుపు, ఒకే కొలత నంబరు పలక. పొద్దున్నే వీధి చివర నిలబడి ఆ వరసలు చూసుకుంటే ఆయనకు టీ తాగినంత తృప్తి. అలాంటి ఒక పొద్దున తన తలుపు మీద, సరిగ్గా కంటి ఎత్తులో, అట్టముక్క మీద గీసిన పల్లేరు కనబడింది. ముళ్ళకాయలతో సహా.

వీధిలోకి వచ్చి చూస్తే నలభై తలుపులకూ నలభై మొక్కలు వేలాడుతున్నాయి.

"ఏంది మత్తయ్యా గిది?"

"పల్లేరు సార్."

"అది కనబడుతనే ఉన్నది. పెట్టేటోనివి గులాబి పెట్టొచ్చు గద."

"గులాబికి రోజూ నీళ్ళు పొయ్యాలె సార్. మన నల్లా రెండు రోజులకోసారి వస్తది. పల్లేరుకు ఏ ఫికర్ లేదు, వాన రాకున్నా బతుకుతది."

బొమ్మకు నీళ్ళెందుకని అడగడం చంద్రకాంత్‌కు మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు గాని తట్టలేదు.

రెండు నెలలు ఓర్చుకున్నాడు. వికారాబాద్ నుంచి ఒక అధికారి కాలనీ చూడటానికి వస్తున్నాడని కబురు రాగానే, బొమ్మలన్నీ తీసెయ్యాలని కమిటీ చేత తీర్మానం రాయించాడు. మత్తయ్య వాదిస్తాడని పది జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళాడు. మత్తయ్య వాదించలేదు.

"తియ్యకుంటే నడువదా సార్?" అన్నాడు.

"ఎందుకు? కారణం చెప్పు."

మత్తయ్య కుంచెను గుడ్డకు తుడుచుకున్నాడు. "ఊరికెనే," అన్నాడు.

ఊరికే అన్నదానికి జవాబు ఆ పదింటిలో లేదు. చంద్రకాంత్ నలభై బొమ్మలూ తీయించి కమిటీ గదిలో గుట్ట పోయించాడు. అధికారి వచ్చాడు, టీ తాగాడు, "బాగుంది" అన్నాడు, వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం చంద్రకాంత్ కునుకు తీసి కళ్ళు తెరిచేసరికి, ఎదురుగా ఒక ముసలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఆయన చెంబుతో నీళ్ళు తాగుతోంది.

"ఎవలయ్యా నువ్వు? మా ఇంట్ల పండుకున్నవ్?" అంది ఆమె.

ఆమె బీరమ్మ. పదిహేడో నంబరు ఇల్లు. కొడుకు మల్లేశ్, కోడలు పొద్దున్నే బండల పనికి పోతే ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

"అవ్వా, ఇది ఇరవై ఏడు. నీది పదిహేడు."

బీరమ్మ చుట్టూ చూసింది. గోడ మీద వేలాడుతున్న చంద్రకాంత్ పెళ్ళి ఫోటోను చూసింది. చెంబు మెల్లగా కింద పెట్టింది.

"జర కూసో. మల్లేశ్‌కు ఫోన్ చేస్త, వచ్చి తోల్కపోతడు," అన్నాడు చంద్రకాంత్.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "వద్దు సారూ. ఇండ్లల్ల దిగిన కొత్తల రెండుసార్లు గిట్లనే మందిండ్లల్లకు పోయిన. ఒకామె దొంగనని ఒర్రింది. మల్లొకసారి గిట్ల జరిగితే బయట తాళమేసి పనికి పోతనన్నడు నా కొడుకు. నాకు అంకెలు రావు. గీ ఇండ్లేమో అన్నీ ఒక్క తీరుగనే ఉండె."

"మరి ఇన్ని రోజులు ఎట్ల పోయినవ్?"

"మత్తయ్య చెప్పిండు. అవ్వా, నీకు అంకెలు రాకపోతేంది, గడ్డీగాదం మొత్తం ఎరుకనే గద అన్నడు. నలభై ఏండ్లు కలుపు తీసినదాన్ని సారూ. మా తలుపుకు ఉత్తరేణి పెట్టిండు. దాన్ని చూసుకుంట సీదా ఇంటికొస్తుంటి."

"నీ ఒక్క తలుపుకు పెడితే అయిపోతుండె గద. నలభై ఇండ్లకెందుకు?"

బీరమ్మ ఆయనను జాలిగా చూసింది. "ఒక్కదానికే పెడితే, ముసలిదానికి ఇల్లు గుర్తు లేదని మందికి తెల్వదా?"

చంద్రకాంత్ ఆమెను పదిహేడో నంబరు దాకా దిగబెట్టి, ఎవరూ చూడలేదని నిశ్చయించుకుని, నేరుగా మత్తయ్య ఇంటికి వెళ్ళాడు. మత్తయ్య విరిగిన ప్లాస్టిక్ కుర్చీ వీపు మీద నల్లేరు గీస్తున్నాడు.

"నాకు చెప్తే ఏమయితుండె మత్తయ్యా?"

"మీరు కమిటీ మీటింగు పెడుతుంటిరి సార్," అన్నాడు మత్తయ్య, కుంచె ఆపకుండానే.

నిజమే, చెప్పి ఉంటే చంద్రకాంత్ మీటింగు పెట్టేవాడే.

మరుసటి ఆదివారం పొద్దున ఆయన కాలనీ వాళ్ళందరినీ పిలిచి, వచ్చిన అధికారి బొమ్మల సంగతి విని మళ్ళీ పెట్టమన్నాడని చెప్పాడు. ముప్పై ఐదేళ్ళ ఉద్యోగంలో లెక్క తప్పని మనిషి, ఆ అబద్ధం తడబడకుండా ఆడాడు. చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఏ మొక్క ఏ ఇంటిదో ఎక్కడా రాసి లేదు.

"నాకూ యాది లేదు సార్," అన్నాడు మత్తయ్య.

గుంపు వెనక నుంచి బీరమ్మ ముందుకొచ్చింది. వీధి మొదట్లో నిలబడి, చేలో కలుపు తీయడానికి మునుం పట్టిన మనిషిలా చీర కొంగు బిగించింది.

"మొదలు వెంపలి. దాని పక్కన జిల్లేడు. ఆ తర్వాత తంగేడు," అంటూ నడవసాగింది. చంద్రకాంత్ తోపుడు బండి మీద వేసుకొచ్చిన గుట్టలోంచి బొమ్మలు వెతికి అందిస్తుంటే, మత్తయ్య సుత్తీ మేకులూ పట్టుకుని వెనకాల పరుగెత్తాడు. ఆమె ఒక్కచోటా ఆగలేదు, ఒక్కటీ తప్పలేదు.

పదిహేడో తలుపు దగ్గర మల్లేశ్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "మా అవ్వకు గివన్నీ ఎట్ల ఎరుక సార్?"

"ఏమో మల్లేశ్," అన్నాడు చంద్రకాంత్, ఉత్తరేణి బొమ్మను తుడుస్తూ. "గీ కాలనీల నలభై ఇండ్లూ ఎరుకున్నది మీ అవ్వకొక్కదానికే."

"ముచ్చట్లు తర్వాత పెట్టుండ్రి," అంది బీరమ్మ, అప్పటికే రెండిళ్ళ అవతలి నుంచి. "ఎండెక్కుతుంది."