ఫోను మోగని శనివారం

పలమనేరు చుట్టుపక్కల పాలవాళ్ళలో సిద్ధమ్మను ఎరగనివాళ్ళు లేరు. ఆవుల దగ్గర ఎంత మెత్తనో, మనుషుల దగ్గర అంత కరుకు. షుగరుకు ఇన్సులిన్ వేసుకుంటూ కూడా వెంకటేశ్వరస్వామికి ఇష్టమైన పెరటాసి నెల శనివారాల్లో ఒక్కపొద్దు మానేది కాదు. సాయంత్రం పిండిదీపం వెలిగించి, స్వామికి అన్నం నైవేద్యంగా తళిగ వేసి, గోవిందా అన్నాకే ముద్ద ముట్టేది. డాక్టర్లు తిట్టి తిట్టి అలిసిపోయారు.

చివరికి కొడుకు గిరిప్రసాద్ ఆమె జబ్బ మీద షుగరు చూసే బిళ్ళ అతికించాడు. షుగరు పడిపోతే ఫోను మోగుతుంది, అప్పుడు ఇంత బెల్లం నోట్లో వేసుకోవాలి. అదీ తల్లీకొడుకుల ఒప్పందం. "బెల్లం తింటే ఒక్కపొద్దు చెడదులే. స్వామికి తెలీదా నా సంగతి?" అనేది. అంతకుముందు చెమట పట్టినా, చెయ్యి వణికినా తనే కనిపెట్టుకునేది. ఫోను వచ్చాక ఆ ధ్యాసే వదిలేసింది.

ఈ యేడు పెరటాసిలో ఆ ఫోను మూగబోయింది. తెరమీద అంతా బాగుందనే పచ్చగుర్తు మాత్రం అలాగే ఉంది.

"ఈ శనివారం ఒక్కమారు గూడా మోగలేదు సూడు. అంతా స్వామి దయ" అని మురిసిపోయింది సిద్ధమ్మ. మరుసటి శనివారం పాలు పితుకుతూ ఆవు పక్కనే పడిపోయింది.

బిళ్ళ లెక్క చూసి ఆ ఫోనుకు కబురు పంపే కంపెనీ అంతకుముందే మూతపడిందని ఆసుపత్రిలో తెలిసింది. మా వీధిలో టీకొట్టు ఎత్తేసేవాడు కూడా "రేపట్నించి ఉండదప్పా" అని చెప్పిపోతాడు. మనిషి ప్రాణానికి కాపలా ఉంటామన్నవాళ్ళు ఒక్క మాట చెప్పకుండా తలుపులు వేసుకుని పోయారు. తలుచుకుంటే కడుపు మండుతుంది.

సిద్ధమ్మ బతికింది. కుడిచేతికి మాత్రం పట్టు రాలేదు, ఇక పాలు పితకలేదు. తెలివి వచ్చాక కొడుకును దగ్గరికి పిలిచింది.

"నాయనా, ఈ బిళ్ళ పెట్టుకున్నోళ్ళు ఇంకా ఉంటారు గదా. ఆళ్ళు గూడా నా మాదిరే ఫోన్ను నమ్ముకోని నిమ్మళంగా ఉంటారు. పోయి చెప్పిరా."

గిరిప్రసాద్ బిళ్ళ అమ్మిన మందులషాపులో అడిగాడు. "ఎవరెవరు వాడతా ఉండారో కంపెనీకే తెలుసునప్పా, మాకు యాడ తెలుస్తాది?" అన్నారు. తన పాలవ్యాను తిరిగే ఊళ్ళన్నిటా, బంగారుపాళ్యం దాకా వాకబు చేశాడు. ఒకరిద్దరు దొరికారు. మిగతావాళ్ళు ఎవరో, ఎక్కడున్నారో చెప్పేవాళ్ళు లేరు.

"అందరికీ చెప్పినావా?" అని సిద్ధమ్మ రోజూ అడుగుతుంది.

"చెప్పినానమ్మా" అంటాడు గిరిప్రసాద్, ఆమె ముఖంలోకి చూడకుండా.