బోరింగు మీద ఎర్ర రంగు

ముందే క్షమించండి. నేను చదివింది ఏడో తరగతి వరకే. ఒత్తులు తప్పుతాయి, రాత కోళ్లు కెలికినట్టు ఉంటుంది. పళ్ల డాక్టరు గురించి తెలిసినవాళ్లు రాసిస్తే చిన్న పుస్తకం వేస్తామని, ఆయన దగ్గర పనిచేసిన కాంపౌండరన్న చెబితే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోండి. సంగతి మాత్రం మార్చకండి.

ఆయన పోయారన్న కబురు పాలు పోసే ఆయన తెచ్చాడు. పొద్దున్నే గుండె ఆగిపోయిందట. ఉరవకొండలో ఆయన ఆసుపత్రి ముందు జనం నిండిపోయారట. మా అత్త చెనక్కాయలు ఒలుస్తూ తలెత్తకుండా అంది.

"పాపం, మంచోడు. ఇంక మన బోరింగు జోలికి ఎవురూ రారులే."

ఆ రెండు మాటల మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు.

ఆదివారం ఆసుపత్రి మూసి, ఆయన పాత బండి మీద పల్లెలకు వచ్చేవారు. మా ఊళ్లో అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని పిల్లల నోళ్లు చూసేవారు, ముసలివాళ్ల పళ్లు పీకేవారు. "అరుచుకో పెద్దాయనా, నొప్పి నీది, ధైర్యం నాది" అనేవారు. నోట్లో దూది పెట్టుకుని కూడా వాళ్లు నవ్వేవాళ్లు. ఎవరైనా కాఫీ ఇస్తే మాత్రం, "యా నీళ్లతో పెట్టినారో ముందు చెప్పండి" అనేవారు. అందుకు చాలామందికి కోపం. ఇంటికొచ్చి తప్పు పడతాడని చాటుగా తిట్టేవాళ్లు.

మా పుట్టిల్లు సోమందేపల్లె దగ్గర. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఇక్కడి ఆడవాళ్లు నవ్వేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం చూసి, ఎంత సిగ్గో అనుకున్నాను. నాకూ సిగ్గెక్కువ. నేనూ పెట్టుకున్నాను. అది సిగ్గు కాదని, కొంగు వెనకాల గారపళ్లు ఉన్నాయని తర్వాత తెలిసింది. చిన్నప్పటినుంచి ఈ బోరు నీళ్లు తాగినవాళ్ల పళ్లు ఇటుక రంగుకు తిరిగి ఉంటాయి. నా భర్తవీ అంతే. పెళ్లిచూపుల్లో ఆయన ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. ఎంత నెమ్మదస్తుడో అని మా నాయన మురిసిపోయాడు.

మావాళ్లు ఇల్లూ వాకిలీ చూడటానికి ఈ ఊరొచ్చి, వీధి బోరింగు దగ్గర కాళ్లు కడుక్కున్నారట. ఆరని పచ్చ రంగు మా నాయన చేతికి అంటుకుంది. "ఏమప్పా, మీ ఊర్లో బోరింగుకు గూడా పెండ్లికళ వచ్చిండాదే!" అన్నాడట. ఊరంతా నవ్వింది. ఆ మాట ఇంటికొచ్చి చెప్పి మమ్మల్నీ నవ్వించాడు.

పాప పుట్టాక ఒక ఆదివారం దాన్ని చంకన వేసుకుని అత్త వెంట నీళ్లకు వెళ్లాను. డాక్టరు బోరింగు ముందు గొంతుకూర్చుని, బండి తాళంతో ఆ పచ్చ రంగు గీకుతున్నారు. కింద ఎరుపు. ఎరుపుంటే ఆ నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని, తాగకూడదని గుర్తు. ఆయన దగ్గరుండి పూయించిందే. ఊళ్లోకి సంబంధం వస్తోందంటే చాలు, ఎవరో ఒకరు పచ్చ పూసేవాళ్లు. ఈ పచ్చ నా పెళ్లికి పూసింది.

"ఎవురి పెండ్లికమ్మా ఈ రంగు?" అని ఆయన మా అత్తను అడిగారు.

"నీకేం సారూ, ఎర్రగా పూసి బండెక్కి పోతావు. ఎర్ర బోరింగు ఊరికి పిల్లనిచ్చేదెవురు? నీ కూతుర్నిస్తావా?"

ఆయన తల దించుకుని కాసేపు గీకారు. "పెండ్లి కావాల్సిందేమ్మా. ఆ పెండ్లికి పుట్టే బిడ్డకు పండ్లు వద్దా?" అన్నారు. మా అత్త బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆయన నావైపు తిరిగారు. "గార పైన అంటుకునేది కాదు తల్లీ, తోమితే పోయేదానికి. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడతాది. బయటికొచ్చిన పంటికి నేను డాక్టరు. రావాల్సిన పంటికి నువ్వే డాక్టరు."

ఆ వారమే నా భర్తను పిలిచి చీవాట్లు పెట్టారు. అప్పటినుంచి పాపకు ఉరవకొండ నుంచి క్యాను నీళ్లు వచ్చేవి. "మేము తాగి బతకలేదా" అని అత్త సణిగినా వచ్చేవి. మంచినీళ్ల పైపు కోసం ఆయన ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి ప్రభుత్వం వాళ్లు ట్యాంకు కట్టారు. కొన్నాళ్లు నీళ్లొచ్చాయి, ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయని ఊళ్లో ఒక్కరూ అడగలేదు. ఆయనే మళ్లీ తిరిగారు.

ఆయన పోయాక బస్సు నిలిచే చోట ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆయన బొమ్మ కంటే మా పెద్దమనుషుల బొమ్మలే పెద్దవి. సంతాప సభలో మా మామ మైకు పట్టుకుని "ఆయన దేవుడు" అన్నాడు. మర్నాడు పచ్చ రంగు డబ్బా తెచ్చాడు. మా మరిదికి సంబంధం వస్తోంది. క్యాను కూడా ఆగిపోయింది. నా భర్త డాక్టరు భయానికే తెచ్చేవాడని అప్పుడు అర్థమైంది. పాప ముందు పన్ను ఊగుతోంది. కింద తయారవుతున్నవి ఏ రంగులో ఉన్నాయో నాకు తెలియదు.

పిల్ల తరఫు వాళ్లు వచ్చిన రోజు నీళ్లివ్వమని నన్ను పంపారు. పిల్ల తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. గ్లాసు అందుకుంటూ, "మీ ఊర్లో నీళ్లెట్లమ్మా? మా పాప దూరం మోయలేదు" అంది.

మామ గొంతు సవరించుకున్నాడు. నేను అంతవరకు పెద్దవాళ్ల ముందు ఎప్పుడూ నోరెత్తలేదు.

"దూరం లేదక్కా. బోరింగు దగ్గరే. పచ్చ రంగు కింద ఎర్ర రంగుండాది, గీకి చూడండి" అన్నాను.

వాళ్లు వెళ్లిపోయారు. మరిది నాతో మాట్లాడటం లేదు. నా భర్త మాట్లాడటం లేదు. మరిదికి పెళ్లి కాకపోతే ఆ ఉసురు నాకే తగులుతుందట. పొయ్యి దగ్గర మా అత్త ఒక్కతే మాట్లాడింది. ఏళ్ల తరబడి ఈ బోరు నీళ్లు తాగి బిగిసిపోయిన మెడ తిప్పలేక, ఒళ్లంతా తిప్పి నన్ను చూసింది.

"నన్నిచ్చేటప్పుడు మా నాయనకు ఎవురు చెప్పినారే?"

తిట్టిందో, అడిగిందో నాకు తెలియలేదు. పిల్ల తల్లి తాగకుండా పెట్టేసిన గ్లాసు పొద్దు గూకేదాకా అరుగు మీదే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ పారబోయలేదు.

నా పేరు వేయకండి. అచ్చుకు ఎక్కించుకున్నాక ఈ కాగితాలు కాల్చేయండి. నా రాత మా ఇంట్లో గుర్తుపడతారు.