ఎండబెట్టిన సెల్లులు, మీసాల పాసుపోర్టు

మొన్న మా మనవరాలు ఎల్.ఇ.డి. టార్చి ఒకటి నా ఒళ్లో పడేసింది. "అవ్వా, ఇది వెలుగుతాంది, ఆరిపోతాంది. పారేస్తా" అంది.

"పారేసే ముందు మూత తిప్పి చూడు" అన్నాను.

తిప్పింది. లోపల స్ప్రింగు మీద గోధుమరంగు చిలుము. దాన్ని చూడగానే నాకు నవ్వు ఆగలేదు. సరిగ్గా అట్లాంటి చిలుమే ఒకప్పుడు నన్ను కువైట్‌లో, ఇరాక్ సైన్యం నడుమ, పాసుపోర్టు లేకుండా నిలబెట్టబోయింది. పోనీ అది ఏ శత్రువో పూసింది కాదు, నా చేతులతో నేను తయారు చేసుకున్నదే. అంత ఘనకార్యం ఎట్లా చేశానో చెబుతాను, కూర్చోండి. వినేటప్పుడు ఫ్యాను వేసుకుంటే వేసుకోండి గానీ, లేచిపోయేటప్పుడు ఆపి పోండి.

అప్పుడు నేను కువైట్ నగరంలో బ్నీద్ అల్ గార్ అనే పేటలో ఒక ఇంట్లో పనికి ఉండేదాన్ని. ఆ ఇంటి యజమానురాలిని మామా అనేవాళ్లం. అక్కడ పనిమనుషులంతా అట్లాగే పిలుస్తారు, మీరు మీసాల మామను ఊహించుకోవద్దు. మీసాలు తర్వాత వస్తాయి.

ఆ ఇంట్లో బాలన్ అని ఒక మలయాళీ వంటవాడు ఉండేవాడు. నూనె నేను గరిటెతో కొలిచి ఇచ్చేదాన్ని. ఇల్లు మామాది, నూనె మామాది, అయినా వృథా అయితే కడుపు మండేది నాకే. ఒకరోజు బాలన్ గరిటె కింద పెట్టి, "చేచీ, ఈ నూనెలో చేప వేగడం లేదు, నేను వేగుతున్నాను" అని వెళ్లిపోయాడు. చేచీ అంటే వాళ్ల భాషలో అక్క. ఎక్కడికో మహబూలా వైపు పారిపోయాడని విన్నాం. పనిమనుషుల పాసుపోర్టులు యజమాని దగ్గరే ఉంటాయి గనుక, వాడిదీ నాదీ కింద నేలమాళిగలో, గోడకు బిగించిన ఇనుప బీరువాలో ఉండిపోయాయి.

ఇక టార్చి సంగతి. నాకు కడప నుంచి తెచ్చుకున్న రేకు టార్చి ఒకటి ఉండేది. మా వైపు సెల్లు నీరసపడితే ఎవరూ పారేయరు, ఎండలో పెడతారు. సాయంత్రానికి దానికి మళ్లీ కాస్త ప్రాణం వస్తుంది. కువైట్‌లో నా సెల్లులు నీరసపడినప్పుడు నేను గొప్ప లెక్క వేశాను. కడప ఎండకే ఇంత లాభముంటే, కువైట్ ఎండకు ఎంత లాభం! స్టీలు పళ్లెంలో పెట్టి, జులై నెలలో, మిద్దె మీద పొద్దుపోయేదాకా వదిలేశాను. తీసేటప్పటికి సెల్లులు నిండు చూలాలి కడుపులా ఉబ్బి, వాటి అడుగున పాకం కారి ఉంది. లోపలి బలమంతా నిండి పొంగిపోయిందనుకుని, కొంగుతో తుడిచి టార్చిలో వేసుకున్నాను.

అట్లా ఉండగా సైన్యం వచ్చింది. మామా భర్త వేరే దేశంలో ఇరుక్కుపోయాడు. మామాను సౌదీకి తీసుకుపోవడానికి తమ్ముడు కారు తెస్తున్నాడు. మనవాళ్లను పంపించే బస్సు ఒక స్కూలు దగ్గర నిలబడి ఉంది, మధ్యాహ్నానికి కదులుతుంది. పాసుపోర్టు లేనివాళ్లను ఎక్కించరు. ఆ బస్సు పోతే మళ్లీ ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు.

"నీ పాసుపోర్టు నీ చేతిలోకి వచ్చేదాకా నేను కారెక్కను" అంది మామా. తాళంచెవి నాకిచ్చి, మోకాళ్ల నొప్పితో మెట్ల మీదే కూర్చుంది.

నేలమాళిగలో కరెంటు తీగలు ఎప్పుడో కాలిపోయాయి. కిరోసిన్ డబ్బాలు, గ్యాసు సిలిండర్లు ఉన్నాయి గనుక అగ్గిపుల్ల గీయడానికి లేదు. నా టార్చే దిక్కు. తోడుగా పక్కింటి డ్రైవరు రాజన్న వచ్చాడు. జగిత్యాల మనిషి, వాడూ అదే బస్సుకు పోవాలి.

మెట్లు దిగామో లేదో, టార్చి మొదలుపెట్టింది. వెలుగుతుంది, పోతుంది, వెలుగుతుంది, పోతుంది.

"అక్కా, గిదేంది, నీ లైటు నాకు కన్ను గొడుతున్నది?"

"నోరు మూసుకోప్పా. సెల్లు కదిలినట్టుండాది." అరచేతికేసి రెండు దెబ్బలు కొట్టాను. వెలిగింది. తాళం తీసేలోపల పోయింది.

"మూత గట్టిగ తిప్పు."

తిప్పాను. వెలిగింది. బీరువా తలుపు తెరిచేలోపల పోయింది.

"సెల్లులు ఉల్టా ఏసినవా?"

"టార్చికి సెల్లు వేసేది నువ్వు నాకు నేర్పుతావా?" అని గద్దించి, చీకట్లో పైది కిందికి, కిందిది పైకి మార్చాను. రాజన్న తన సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చింపి మడతపెట్టి మధ్యన దూర్చాడు. టార్చి ఒక్క తుమ్ము తుమ్మినట్టు వెలిగి ఆరింది.

"కొత్త సెల్లుల్లేవా అక్కా?"

"ఇవి కొత్తవాటి లెక్కే. మొన్ననే ఎండబెట్టినా."

"ఎండబెట్టినవా! మిరపకాయలా గవి?"

మీకు మాత్రం నిజం చెబుతాను. కొత్తవి ఉన్నాయి. మామా కొనిచ్చినవి, అట్ట కూడా విప్పకుండా నా పెట్టెలో చీరల కింద భద్రంగా ఉన్నాయి. అవి ఊరికి. ఊరికి తీసుకుపోయే వస్తువును యుద్ధానికి ఖర్చు పెడతారా ఎవరైనా?

"యల్లా! యల్లా!" అని, త్వరగా రమ్మని పైనుంచి మామా కేకలు. ఇంకొక్క తుమ్ము వెలుగులో మూడు సింహాల బొమ్మ ఉన్న పుస్తకం కనబడింది. లాక్కున్నాను. "దొరికింది మామా!" అని అరిచి, పెట్టె రాజన్న నెత్తిన పెట్టి, బస్సు దగ్గరికి పరుగు.

బస్సు తలుపు దగ్గర ఒక పెద్దమనిషి పాసుపోర్టులు చూస్తున్నాడు. నాది తెరిచాడు. ఫోటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు.

"బహెన్‌జీ, మీసాలు ఎప్పుడు గీయించారు?" అన్నాడు హిందీలో.

బస్సంతా గొల్లుమంది. రాజన్న మెడ చాచి చూసి, "అక్కా, గివి బాలన్ మీసాలు గదా!" అన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో, కంచె దగ్గర నుంచి ఒక కేక. "చేచీ!"

బాలనే. పాసుపోర్టు లేదని ఎక్కించుకోక, పారిపోయిన ఇంటికి వెళ్లి అడగడానికి ముఖం చెల్లక, పొద్దుటి నుంచి అక్కడే నిలబడి ఏడుస్తున్నాడట. పాసుపోర్టు అందుకుని కళ్లకద్దుకున్నాడు. "నా కోసం తెచ్చావా చేచీ?" అన్నాడు. అంత నమ్మకంగా అడుగుతుంటే కాదనడానికి మనసొప్పలేదు.

"మరి నీది ఏది?" అన్నాడు.

నా ముఖం చూసి వాడికి అర్థమైంది. తిన్నగా పోయి బస్సు ముందు చక్రం దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "చేచీ రాకుండా ఈ బండి కదలదు. కదిలితే నా మీదుగా" అన్నాడు. డ్రైవరు అరబ్బీలో వాడి వంశాన్నంతా తలుచుకున్నాడు గానీ బండి మాత్రం కదల్లేదు.

ఇక దాచి లాభం లేదు. నడిరోడ్డు మీద పెట్టె తెరిచాను. చీరల కింద నుంచి సెల్లుల అట్ట తీశాను. రాజన్న నోరు తెరిచాడు.

"అక్కా! గివి పెట్టెల పెట్టుకొని నన్ను పాతాళంల తిప్పినవా?"

"అవి ఊరికప్పా!"

"నువ్వు పోతెనే గదా అక్కా అవి ఊరికి పొయ్యేది!"

సెల్లుల అట్ట కొంగున ముడేసుకున్నాను.

వెనక్కి పరిగెత్తాం. మామా తమ్ముడి కారు ఇంకా రాలేదు. కొత్త సెల్లులు వేశాను. టార్చి వెలిగింది, పోయింది, వెలిగింది, పోయింది.

"చూసినావా? కొత్తవైనా అంతే. నా ఎండది తప్పు కాదు!" అన్నాను, ఆ కష్టంలో కూడా గెలిచిన సంబరంతో.

"ఇటివ్వు" అంది మామా. మోకాళ్లు పట్టుకుని దిగి వచ్చింది. ఆమె చేత్తో గ్లాసు కడగడం కూడా నేనెన్నడూ చూడలేదు. మూత తీసి, మెట్ల మీది వెలుతురు వైపు తిప్పి, స్ప్రింగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇదేమిటి, ఖర్జూరం పాకమా?" అంది. జడలోంచి పిన్ను లాగి, నా ఘనకార్యమంతా గరగరా గీకి, సెల్లులు వేసి మూత తిప్పింది. నేలమాళిగ పెళ్లిపందిరిలా వెలిగిపోయింది.

నా పాసుపోర్టు పైఅరలోనే ఉంది. మామా తెరిచి ఫోటో మీద లైటు వేసింది. ఫోటోలో నేను తిట్టబోతున్నట్టు చూస్తున్నాను.

"మీసాలు లేవు. నువ్వే. ఖలాస్" అంది. సైన్యం వచ్చాక మామా నవ్వడం అదే మొదలు.

బయట కారు హారన్ మోగింది. ఎడారి దారి. మామా చేతిలో టార్చి అట్లాగే ఉంది. నేను చెయ్యి చాపాను. తర్వాత వెనక్కి తీసుకున్నాను. "ఉంచుకో మామా. కొత్త సెల్లులు" అన్నాను. ఆమె నా నుదుటి మీద ముద్దు పెట్టి కారెక్కింది. రాజన్న ఆ దృశ్యం చూసి బస్సుదాకా నన్ను ఎగాదిగా చూస్తూనే వచ్చాడు. నాకు జ్వరం వచ్చిందనుకున్నాడట.

బాలన్ చక్రం దగ్గరే ఉన్నాడు, చెమటలో నానిపోయి. దారిలో శరణార్థుల గుడారాల దగ్గర బస్సు ఆపినప్పుడు అందరికీ వంట చేసింది వాడే. నూనె డబ్బా నా చేతికిచ్చి, "చేచీ, ఈరోజు కూడా కొలుస్తావా?" అన్నాడు.

కొలిచాను. పాసుపోర్టు పాసుపోర్టే, నూనె నూనే.

ఇదంతా విని మా మనవరాలు, "అయితే అవ్వా, ఇంక సెల్లులు ఎండబెట్టవు కదా?" అంది. పిన్నీసుతో దాని టార్చి స్ప్రింగు గీకుతూ, సూర్యనారాయణుడి సాక్షిగా ఒట్టు వేశాను. ఈ జన్మలో, ఎంత అవసరం వచ్చినా, ఎవరు కాళ్లు పట్టుకున్నా, సెల్లులు ఎండబెట్టనంటే ఎండబెట్టను.

కువైట్‌లో.

దాని టార్చిలోంచి తీసిన సెల్లులు ఇప్పుడు మా మిద్దె మీద ఉన్నాయి. కడప ఎండ మెత్తనిది, దాని సంగతి వేరు.