నోస్రత్ మామయ్య కారు మీది కాదు

ఇరాన్‌లో యజ్ద్ ఊరు మొత్తం మీద, ఎవరైనా తన కారుని మెచ్చుకుంటే "మీదే అనుకోండి" అనని మగాడు ఒక్కడే. ఆయన పేరు నోస్రతుల్లా. బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పక్కింట్లో ఉండే మేనకోడలు మెహ్రంగీజ్‌కి మాత్రం నోస్రత్ మామయ్య.

ఇదేం తప్పు అనుకునేరు! ఆ ఊళ్లో ఎవరి చేతి గడియారమన్నా చూసి బావుందన్నారో, ఆయన అక్కడికక్కడే దాన్ని విప్పబోతూ "మీదే, తీసుకోండి" అంటాడు. మీరు "అబ్బే, మీ చేతికే అందం" అనాలి. ఆయన మళ్లీ అనాలి, మీరు మళ్లీ వద్దనాలి. ముచ్చటగా మూడోసారి కూడా అయిపోయాక గడియారం ఉన్న చేతికే ఉంటుంది, ఇద్దరి పరువూ నిలబడుతుంది. తాతముత్తాతల నాటి మర్యాద అది. కోటుకైనా అంతే, తివాచీకైనా అంతే, కారుకైనా అంతే.

నోస్రతుల్లాతో "కారు బావుందండీ మాస్టారూ" అంటే, "అవును, బావుంది" అనేవాడు. అని, తాళంచెవి ఉన్న జేబు మీద చెయ్యి వేసుకునేవాడు.

ఒకసారి టెహరాన్ నుంచి ఆయన బావమరిది వియ్యంకుడు వచ్చాడు. పెద్దమనిషి, మర్యాదలో ఆరితేరినవాడు. గుమ్మం ముందు కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇన్నేళ్ల బండి, ఇంకా ఇంత నిగనిగా! ఎంత బావుంది!" అన్నాడు.

"ఊఁ" అన్నాడు మామయ్య.

ఈయనకి వినపడలేదేమో అనుకుని పెద్దమనిషి గొంతు పెంచాడు. "చాలా చాలా బావుందండీ!"

"మీ చూపు దివ్యంగా ఉంది. కళ్లజోడు అక్కర్లేదు మీకు."

పెద్దమనిషి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఆయన వెళ్లగానే బద్రీ అత్తయ్య మొగుడి మీద విరుచుకుపడింది.

"మాట వరసకి ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది? నలుగురిలో తల కొట్టేసినట్టయింది నాకు!"

"అన్నాక వాడు పట్టుకుపోతే?"

"ఎవరూ పట్టుకుపోరండీ బాబూ! పుట్టి బుద్ధెరిగాక ఎవరైనా పట్టుకుపోవడం చూశారా?"

"మరి అనడం దేనికి?"

అత్తయ్య నెత్తి కొట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ కిటికీలోంచి కారుని ఒక చూపు చూసింది. దాన్ని ఆవిడ సవతి అనే పిలిచేది.

పోనీ అదేమన్నా పుష్పక విమానమా అంటే అదీ కాదు. సందుకి నాలుగు కనపడే చవక రకం చిన్న కారు. పెసర రంగు. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే మధ్యవాడి మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. కాకపోతే, దాంతో పాటు కొన్న కార్లన్నీ ఎప్పుడో పాత ఇనుము కొట్టుకి చేరాయి, ఇది మాత్రం నిన్నగాక మొన్న పెళ్లయినట్టు గుమ్మం ముందు నిలబడి ఉండేది.

ఊరికే ఉంటుందా మరి? పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, వెలుగుకి పట్టి చూసేవాడు మామయ్య. ఎడారి ఊరు కాబట్టి వారానికోసారి ఎయిర్ ఫిల్టర్ తీసి దుమ్ము దులిపేవాడు. టైర్లలో గాలి చూసేవాడు. బండిని మల్బరీ చెట్టు కింద పెట్టేవాడు కాదు, పండ్ల మరకలు పడతాయని. స్పీడ్ బ్రేకర్ వస్తే పురిటి బిడ్డని ఎత్తుకున్నట్టు మెల్లగా ఏటవాలుగా దాటించేవాడు, వెనక బళ్లవాళ్లు హారన్లు కొట్టి ఆయన వంశాన్నంతా తలుచుకుంటున్నా సరే. ఎక్కేవాళ్లు చెప్పులు దులుపుకోవాలి. దిగేవాళ్లకి ఒకటే హెచ్చరిక: "తలుపు వెయ్యండి, కొట్టకండి."

"ఏమీ పాడవకుండానే ఇవన్నీ మారుస్తారేం?" అని ఎవరైనా అడిగితే, "పాడయ్యాక మార్చడానికి నేనెందుకు? అది ఎవడైనా చేస్తాడు" అనేవాడు.

ఎదురింటి సైఫుల్లా మిఠాయి కొట్టు యజమాని. ఆయనకి పడవంత నల్ల కారు ఉండేది. ఉండేది అంటే, ఎక్కువగా మెకానిక్ షెడ్డులో ఉండేది. ఆయిల్ మార్చడం అనే పని ఒకటుందని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. మర్యాదలో మాత్రం ఆయన్ని కొట్టినవాడు లేడు. "మీదే, మీదే, మీదే" అంటూ ఈపాటికి ఆ కారుని ఊళ్లో సగం మందికి దానం చేసేశాడు.

ఇక మామయ్య జ్ఞాపకశక్తి. పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఏవీ ఆయనకి గుర్తుండవు. అన్నిటికీ కారే పంచాంగం. సైఫుల్లా తండ్రి సంవత్సరీకానికి భోజనాల దగ్గర అందరూ విచారంగా కూర్చుని ఉంటే, ఆయన వేళ్లు ముడిచి లెక్కేసి, "అప్పుడే ఏడాదెక్కడయింది? పెద్దాయన పోయింది నేను క్లచ్ ప్లేటు వేయించిన మర్నాడు కదా, ఇంకా వారం ఉంది" అన్నాడు. తీరా చూస్తే నిజంగానే వారం ఉంది. అయినా ఆ మాట అనాల్సింది మాంసం పులుసు వడ్డించక ముందు.

ఈ పిచ్చిలో అందరికన్నా ఎక్కువ నలిగిపోయింది మెహ్రంగీజ్. చిన్నప్పటి నుంచీ అంతే. ఆటకని బయటికొస్తే చాలు, "మెహ్రీ, ఇలా రా" అని పిలిచి బానెట్ దగ్గర నిలబెట్టేవాడు.

"ఏం వినపడుతోంది?"

"బర్ర్‌మంటోంది."

"అది చెవిటివాడికీ వినపడుతుంది. ఆ బర్ర్ వెనకాల ఏముంది?"

"కీచుమంటోంది."

"ఆఁ! బెల్టు వదులైంది. పదమూడో నంబరు పానా అందుకో."

స్నేహితురాళ్లు గోరింటాకు పెట్టుకుంటుంటే ఈ పిల్ల గోళ్లలో గ్రీజు పెట్టుకుంది. కాలేజీకొచ్చాక ఆ పిల్ల చేత స్టెప్నీ మార్పించాడు, ప్లగ్గులు తుడిపించాడు, ఘాట్ రోడ్డు మీద బ్రేకు తొక్కకుండా గేరుతో బండి దింపడం నేర్పాడు. నేర్పినంత సేపూ పక్కనే కూర్చుని, దిగగానే తాళంచెవి తీసుకుని జేబులో వేసుకునేవాడు. ఒంటరిగా మాత్రం సందు చివరి దాకా కూడా ఇచ్చిన పాపాన పోలేదు. "నాకెందుకు మామయ్యా ఇవన్నీ?" అని ఆ పిల్ల విసుక్కునేది. "విను, విను" అనేవాడు.

మెహ్రంగీజ్ పురుళ్లు పోసే నర్సు చదువు చదివింది. శిక్షణలో ఉండగా షీర్‌కూహ్ కొండల వెనక ఊళ్లకి పంపారు. అక్కడ గుల్‌అందామ్ అనే ముసలమ్మ, కోడలికి పురుడు పోసినందుకు ఈ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, "మళ్లీ వస్తావా బిడ్డా?" అంది. "వస్తాను" అంది మెహ్రంగీజ్. ముసలమ్మ నవ్వేసింది. "వచ్చినవాళ్లందరూ వస్తాననే అంటారులే తల్లీ" అంది. ఆ నవ్వు మెహ్రంగీజ్ గుండెల్లో ముల్లులా దిగిపోయింది.

వేసవిలో సరిగ్గా ఆ ఊళ్లకే ఉద్యోగం వచ్చింది. వచ్చింది గానీ, పక్కనే ఓ మెలిక. ఊరికీ ఊరికీ మధ్య బస్సు లేదు కాబట్టి నర్సుకి సొంత బండి ఉండాలి. బడులు తెరిచే నాటికి బండితో రాకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. తండ్రి మగ్గం మీద జరీ శాలువాలు నేస్తాడు. ఇల్లు గడుస్తుంది, అంతే. కొత్త బండి మాట దేవుడెరుగు, పాత బండి ధర విన్నా ఆయన మంచినీళ్లు అడుగుతున్నాడు.

సంగతి తెలిసి సైఫుల్లా పరుగెత్తుకొచ్చాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, "నీకు బండి లేకపోవడమేంటమ్మా? ఆ నల్ల కారు ఎవరిది? నీదే!" అన్నాడు.

ప్రాణం విసిగిపోయి ఉన్న మెహ్రంగీజ్ తిన్నగా ఆయన కళ్లలోకి చూసి, "సంతోషం బాబాయిగారూ. ఎప్పుడొచ్చి తీసుకెళ్లమంటారు?" అంది.

సైఫుల్లాకి తాగుతున్న టీ పొలమారింది. వీపు మీద చరిచి తేర్చాల్సొచ్చింది. ఆ తరవాత వారం రోజుల పాటు ఆయన కొట్టుకి వెనక సందులోంచి వెళ్లాడు.

"పోనీ మామయ్యని అడగవే" అంది తల్లి.

"సందు చివరికి ఇవ్వని మనిషి కొండల మీదకి ఇస్తాడా అమ్మా?"

అడగలేదు. మామయ్య కూడా ఒక్క మాట అడగలేదు. అదే ఆ పిల్లకి ఎక్కువ బాధ. తన బతుకు ఇలా అఘోరిస్తుంటే, ఆయన మాత్రం పక్కింట్లో కారుని జాకీ మీదకి ఎత్తి కింద పడుకుని ఉన్నాడు. బ్రేకులు విప్పాడు, రేడియేటర్ కడిగాడు, కొత్త బ్యాటరీ వేశాడు. పానాల చప్పుడు గోడ అవతల నుంచి రోజంతా వినపడుతుంటే, మేనకోడలికన్నా ఆ డబ్బానే ముద్దు ఈయనకి అనుకుని కళ్లు తుడుచుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి రెండు కుటుంబాలూ కూర్చున్నాయి. పప్పు, బీట్‌రూట్ వేసిన షోలీ పులుసు పొగలు కక్కుతోంది. మామయ్య చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. రొట్టెల పక్కన పెట్టాడు.

"మెహ్రీ. కారు నీది" అన్నాడు.

మెహ్రంగీజ్ గుండె ఎగిరి గంతేసింది. గుండె గంతేస్తే ఏం లాభం, నోరు యజ్ద్ నోరాయె! పుట్టినప్పటి నుంచీ అలవాటైన మాట దానంతటదే బయటికొచ్చేసింది.

"అయ్యయ్యో, వద్దు మామయ్యా!"

"వద్దా?" అన్నాడు మామయ్య. "సరే."

తాళంచెవి తీసి జేబులో వేసుకుని, రొట్టె తుంచుకుని పులుసులో ముంచాడు.

తల్లి చేతిలో గరిటె గిన్నెలో పడింది. తండ్రి నమలడం మానేశాడు. మెహ్రంగీజ్ నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. రెండోసారి ఆయన అనాలి, ఈవిడ వద్దనాలి, మూడోసారి అనాలి, అప్పుడు కళ్లొత్తుకుంటూ తీసుకోవాలి. నిజంగా ఇచ్చేటప్పుడు అదీ వరస. ఈయన మొదటి మెట్టు మీదే మూట సర్దేసుకున్నాడు!

"ఓరి నాయనోయ్!" అని బద్రీ అత్తయ్య అరిచింది. "అది లాంఛనానికి వద్దందండీ!"

"నేను లాంఛనానికి అనలేదే" అన్నాడు మామయ్య, నిజంగానే అర్థం కాక.

"ఇంకోసారి అనండి!"

"వద్దన్న మనిషిని ఎందుకు బలవంతపెట్టడం?"

అప్పుడు మెహ్రంగీజ్ ఒక పని చేసింది. వాళ్ల వంశంలో అంతకు ముందు ఏ ఆడపిల్లా, ఏ మగపిల్లాడూ చెయ్యని పని. భోజనానికి నేల మీద పరిచిన సుఫ్రా గుడ్డ మీదుగా చెయ్యి చాపి, "ఇవ్వు మామయ్యా. నాకు కావాలి" అంది.

మామయ్య మొహం చేటంత అయింది. "అదీ! అలా అడుగు" అని తాళంచెవి అరచేతిలో పెట్టాడు.

"కొండ రోడ్డు కదా, టైర్లు?" అంది ఆ పిల్ల, ఏదో ఒకటి అనాలని.

"గట్టి రకం. నీకు కాలేజీలో సీటొచ్చిన వారం వేయించాను. చలికి ఆగే కూలెంట్ నువ్వు ఆఖరి పరీక్ష రాసిన రోజు పోశాను. యజ్ద్‌లో ఈ ఎండకి నాకెందుకే చలి కూలెంట్? పానా పట్టుకుని నీ పక్కన గంటలు గంటలు నిలబడ్డానే, నాకు తోచకనా?"

బద్రీ అత్తయ్య తెల్లబోయింది. "అన్నేళ్ల నుంచీ అనుకుంటున్నారా? మరి ఊళ్లోవాళ్లతో ఒక్క మాట, మాట వరసకి 'మీదే' అంటే ఏమయ్యేది? ఎన్ని తిట్లు తిన్నానో మీ మూలంగా!"

"ఎలా అంటానే?" అన్నాడు మామయ్య. "బండి మెహ్రీది. దానిది తీసి ఇంకొకడికి ఇస్తానని ఎలా అనను, మాట వరసకైనా?"

బద్రీ అత్తయ్య లేచింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, వెళ్లి సవతి అద్దం తుడిచి వచ్చింది.

బయల్దేరే రోజున సందంతా వచ్చింది. అత్తయ్య ఇస్‌ఫంద్ గింజలు నిప్పుల మీద వేసి కారుకీ పిల్లకీ కలిపి దిష్టి తీసింది. క్షేమంగా వెళ్లి రావాలని తల్లి వెనక నుంచి చెంబుడు నీళ్లు పోసింది. "నిన్ననే కడిగిన బండే అది!" అని మామయ్య లబలబలాడాడు. సైఫుల్లా డబ్బాడు మిఠాయి తెచ్చి నిజంగానే ఇచ్చేశాడు. కారు సందు మలుపు తిరిగే దాకా మామయ్య పక్కనే నడుస్తూ, తల వంచి ఇంజన్ వింటూనే ఉన్నాడు. తరవాత అక్కడే నిలబడి, చప్పుడు వినపడినంత సేపూ విన్నాడు. పక్కన ఎవరో "పిల్ల భలే నడుపుతోంది మాస్టారూ" అన్నారు.

"అవును, భలే నడుపుతోంది" అన్నాడు.

చలికాలం నడిమధ్యలో, మంచు పట్టిన ఒక పొద్దున గుల్‌అందామ్ రెండో కోడలికి నొప్పులొచ్చాయి. ఊరి పెద్ద గారి ట్రక్కు దగ్గుతూ దగ్గుతూ పడుకుంది. అవతలి ఊళ్లోంచి పెసర రంగు కారు ఒక్క తాళానికే స్టార్టయి, గేరు మీద కొండ దిగి, సమయానికి గుమ్మం ముందు ఆగింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది, గొంతు ఖంగుమంటోంది. మెహ్రంగీజ్ బయటికొచ్చి మామయ్యకి ఫోన్ చేసింది.

"మామయ్యా, ఆడపిల్ల! తల్లీ బిడ్డా బావున్నారు!"

"చల్లటి మాట చెప్పావు. ఎయిర్ ఫిల్టర్ దులిపావా?"

"నిన్ననే."

"అయితే ఫిల్టర్ దులిపిన మర్నాడు పుట్టింది. గుర్తుంచుకుంటాను."

ముసలమ్మ వాకిట్లోకి వచ్చింది. మెహ్రంగీజ్‌ని చూసింది, మంచులో నిగనిగలాడుతున్న కారుని చూసింది. ఈసారి నవ్వలేదు.

"అన్నట్టే వచ్చావు బిడ్డా" అంది. బానెట్ మీద చెయ్యి వేసి, "ఎంత మంచి కారు!" అంది.

మెహ్రంగీజ్ నోరు తెరిచింది. యజ్ద్ నోరు, అలవాటైన మాట నాలిక చివరి దాకా వచ్చేసింది. గబుక్కున మింగేసింది.

"అవునవ్వా, చాలా మంచి కారు" అంది, తాళంచెవి ఉన్న జేబు మీద చెయ్యి వేసుకుని.