నన్నారి మొక్కలకు ఎండ మప్పిన దసరా సెలవులు

నా చిన్నప్పుడు ఒక ఏడాది టైఫాయిడ్ వచ్చి తగ్గాక మా అవ్వ నన్ను గడప దాటనిచ్చేది కాదు. ఎండ తగిలితే జ్వరం తిరగబెడుతుందని ఆమె భయం. మా ఊరు ఎర్రగుంట్లలో ఎండ తగలకుండా బతకడమంటే మాటలా! బడి మానిపించారు. నిజం చెప్పాలంటే, పోనుపోను నాకూ బయటికి అడుగు పెట్టాలంటే భయం పట్టుకుంది.

అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, కడపలో ఒక కాలేజీలో మొక్కల ల్యాబులో పనిచేసేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. షర్బత్తు కోసం నన్నారి వేర్లను మొదలంటా తవ్వేయడంతో కొండల్లో ఆ తీగ కనబడడమే కరువైంది. చిన్నమ్మవాళ్లు కొండంతా గాలించి ఒక తీగను పట్టుకుని, దాని కణుపు ముక్కలను సీసాల్లో, పోషకాలు కలిపిన జెల్లీలో పెట్టి పిల్లమొక్కలను తీశారు. వాటిని మళ్లీ కొండకు చేర్చాలని వాళ్ల ఆశ. దసరాకు కాలేజీ మూసేస్తే చూసుకునేవాళ్లు లేరని, చిన్నమ్మ వాటిని చిన్న కుండీల్లో నాటి, ప్లాస్టిక్ కవర్లు తొడిగి, రైల్లో మా ఇంటికి తెచ్చింది.

కవర్ల లోపల నీటి బొట్లు చూసి అవ్వ ప్రాణం ఆగలేదు. "అయ్యో, ఉబ్బరిస్తాండాయి గదే! ఎండ లేకుంటే చెట్టు యాడ బతుకుతాది?" అంటూ, చిన్నమ్మ బజారుకు పోయిన సమయంలో కవర్లన్నీ పీకి మిద్దె మీద ఎండకు పెట్టింది. నన్ను ఎండ తగలకుండా దాచిన మనిషే! చిన్నమ్మ వచ్చేసరికి సగం మొక్కలు వాడి వాలిపోయాయి.

చిన్నమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ, అవ్వను ఒక్క మాట అనలేదు. "సీసాలో పుట్టినవి అమ్మా ఇవి. వీటికి దప్పి అంటే తెల్దు. ఎండకు ఆకు నోరు మూసుకుని తేమ దాచుకోవడం ఇంకా రాదు. ఎండ మెల్లగా అలవాటు చేసి మప్పల్ల" అంది. మిగిలినవీ పోతే మళ్లీ కొండలో వెతకడానికి తీగ ఉంటుందో లేదో ఆమెకే తెలియదు.

బతికినవాటికి మళ్లీ కవర్లు తొడిగి, మిద్దె మీద నీడలో పెట్టి, నా చేతికి వెలిగించిన ఊదువత్తి ఇచ్చింది. రోజూ పొద్దున మిద్దెకెక్కి ప్రతి కవరుకూ ఒక చిన్న బెజ్జం పెట్టడం నా పని. అవ్వ అడ్డుపడితే, "దీనిది చలవ చెయ్యి అమ్మా, ఇది రాకుంటే అవి బతకవు" అని చిన్నమ్మ పచ్చి అబద్ధం ఆడింది. మొదటి పొద్దు గోడ నీడ వదలకుండా నిలబడి బెజ్జాలు పెట్టాను. ఆమె కుండీలను రోజూ కాస్త ఎండ వైపు జరిపేది. వాటి వెనకే నేనూ జరిగేదాన్ని.

కవర్లు పూర్తిగా తీసేసిన రోజు ఒక్క ఆకూ వాలలేదు. నేను గంతులేస్తుంటే చిన్నమ్మ నవ్వి, "వాటిని చూసింది చాలు గానీ, నువ్వు యాడ నిలబడినావో చూసుకో" అంది. ఎర్రటి ఎండలో ఉన్నాను.

సెలవులు కాగానే బడికి పోయాను. అవ్వ గడపలో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది గానీ, ఆపలేదు. చిన్నమ్మ ఆ పొద్దుల్లో రోజుకింత ఎండ మప్పింది నాకొక్కదానికే కాదని, నన్ను వదలడం అవ్వకు కూడా మప్పిందని చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు. ఇప్పుడు నా కొడుకు ఒక్కడే సైకిలెక్కి వీధి మలుపు తిరుగుతుంటే, 'వద్దురా' అన్న మాట గొంతు దాకా వస్తుంది. మింగేస్తాను.